బూట్లు విప్పాక ఏటి చెయ్యాలి? ఫుట్‌బాల్ ప్లేయర్ కోచ్ అయ్యి, ఆ తర్వాత క్లబ్బు నడపడం ఎలాగ

మాది గుణుపురం దగ్గర వంశధార ఒడ్డు ఊరు. ఒడిశాలో ఉంటాం గానీ ఇంట్లో తెలుగే, బడిలో ఒడియా, సంతలో సవరోళ్ళతో మూడు భాషలూ కలిపి లాగించేస్తాం. ఫుట్‌బాల్లో పదహారేళ్ళు లెఫ్ట్ హాఫ్ (మధ్యలో ఎడమ పక్క) ఆడేను, ఇటు రాయగడ నుంచి అటు పర్లాకిమిడి దాకా ఏ పడియాలో (ఆట మైదానంలో) మేకపోతు ప్రైజు పెట్టినా మా టీం వెళ్ళీది. తర్వాత పదకొండేళ్ళు కోచింగ్ చేసేను, ఇప్పుడు క్లబ్బు సెక్రటరీ పని చూస్తన్నాను. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు, ముప్పై దాటినోళ్ళు, మోకాలు పట్టుకుని వచ్చి "అన్నా ఆట అయిపోయింది, ఇప్పుడు ఏటి చెయ్యమంటావు" అని అడిగేరు, అందరికీ విడివిడిగా చెప్పేకన్నా తీరిగ్గా కూర్చుని రాసెయ్యడం మంచిదనిపించింది.

ముందే ఒక మాట చెప్పేస్తాను తమ్ముడూ. ప్లేయర్ నుంచి కోచ్ అవడం, కోచ్ నుంచి క్లబ్బు నడిపే మనిషి అవడం ప్రమోషన్ లాగ ఉండదు. ప్రతిసారీ చేతిలో ఉన్నది ఒకటి వదిలెయ్యాలి, మొదట బంతి, తర్వాత విజిలు. వదలకుండా పైకెళ్దాం అనుకున్నోళ్ళు టీంని పాడు చేస్తారు, నేనూ రెండేళ్ళు పాడు చేసేను, అది కింద చెప్తాను.

ఆట ఆపకముందే మొదలెట్టు

అందరూ చేసే తప్పు ఏటంటే పూర్తిగా ఆడడం ఆగిపోయాక అప్పుడు కోచింగ్ గురించి ఆలోచిస్తారు. ఆడతన్నప్పుడే, ఇంకో రెండు సీజన్లు ఉన్నాయనగానే, పన్నెండేళ్ళ లోపు గుంటల్ని (పిల్లల్ని) ఓ పదిమందిని పట్టుకో. వారానికి రెండు సాయంత్రాలు చాలు. గుంటలకి నేర్పేటప్పుడే నీకు తెలుస్తాది నువ్వు కాలితో చేసేది నోటితో చెప్పలేవని. నేను పదహారేళ్ళు ఆ లెఫ్ట్ కాలితో లాబ్ (బంతిని ఎత్తి పైనుంచి పంపడం) వేసినోణ్ణి, ఒక గుంటడు "మాస్టారూ, కాలు ఎక్కడ పెట్టాలి" అని అడిగితే నాకు జవాబు రాలేదు, ఇంటికెళ్ళి గోడకి వంద సార్లు కొట్టి చూసుకుని, నిలబడిన కాలు బంతి పక్కన ఎంత దూరంలో పడతందో చూసుకుని మర్నాడు చెప్పేను.

ఆడతా కోచింగ్ చేసినోళ్ళల్లో నాకు తెలిసి పెద్ద కథ కెన్నీ డాల్గ్లిష్‌ది. స్కాట్లాండ్ గ్లాస్గోలో పుట్టేడు, అక్కడి క్లబ్బు సెల్టిక్‌లో ఆడి 1977లో ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌కి వచ్చేడు, 1985లో 34 ఏళ్ళ వయసులో అక్కడే ప్లేయర్ కమ్ మేనేజర్ (టీం రాసే పెద్ద కోచ్‌ని అక్కడ మేనేజర్ అంటారు) అయ్యేడు. మొదటి సీజన్లోనే లీగూ ఎఫ్ఏ కప్పూ రెండూ కొట్టేరు, లీగ్ ఖాయం చేసిన గోలు 1986 మే 3న చెల్సీ గ్రౌండులో ఆయనే కొట్టేడు. అందరూ ఆ గోలే చెప్తారు. నాకు నచ్చింది వేరే ముక్క, ఆ సీజన్లో చాలా మ్యాచ్‌లకి తనని తాను టీంలోంచి తీసేసుకున్నాడు. అంత పెద్ద ప్లేయరు, టీం రాసే పెన్ను తన చేతిలోనే ఉంది, అయినా తన పేరు రాసుకోలేదు. మన ఊళ్ళ టీముల్లో టీం రాసేవోడి పేరు ఎప్పుడైనా లేకుండా ఉండడం చూసేవా?

నేను రాసుకునీవోణ్ణి. ఒక సంక్రాంతి తర్వాత ఫైనల్, నేను కోచూ నేనే లెఫ్ట్ హాఫూ. మా రైట్ బ్యాక్ సెకండ్ హాఫ్ మొదట్నించీ కాలు ఈడుస్తన్నాడు, బయట కూర్చున్న ముసలాళ్ళకి కూడా కనిపించింది, నాకు కనపడలేదు, ఎందుకంటే నేను అవతల వైపు నా మనిషిని పట్టుకోడంలో ఉన్నాను. అటు వైపు నుంచే రెండు గోల్స్ తిన్నాం. ఆ రోజే అర్థమైంది లోపల నుంచి మ్యాచ్ కనిపించదు, లోపల నుంచి నీ మనిషే కనిపిస్తాడు. కాబట్టి చిన్న క్లబ్బులో తప్పక రెండూ చెయ్యాల్సి వస్తే, బయట ఒక మనిషిని కూర్చోబెట్టు, మార్పులు చేసే అధికారం పూర్తిగా ఆయనకే ఇచ్చెయ్, ఆయన నిన్నే బయటికి రమ్మంటే మాట్లాడకుండా వచ్చెయ్.

చదువు, లైసెన్సులు

ఆడిన అనుభవం ఉంది కదా చాలు అనుకోకు. మన తెలుగు నేల మీదే రహీం సాబ్ ఉండీవారు, సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్. ఉస్మానియాలో చదువుకునేటప్పుడు ఆడేరు, బడి పంతులుగా చేసేరు, హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకి కోచ్, 1950 నుంచి 54 దాకా వరసగా అయిదు సార్లు రోవర్స్ కప్ టోర్నమెంటు కొట్టించేరు. ఇండియా టీం ఆయన చేతిలో ఉన్నప్పుడే 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ గోల్డు వచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. వీటితో పాటు హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ పని కూడా చేసేరు, అంటే నేను ఈ రాతలో చెప్పే మూడు మెట్లూ ఎక్కిన మనిషి. ఆయన కుర్రాళ్ళకి పెట్టిన పోటీలు చూడు, బలం లేని కాలితోనే ఆడాల్సిన టోర్నమెంటు, డ్రిబ్లింగ్ చెయ్యకుండా పాసులతోనే ఆడాల్సిన టోర్నమెంటు. ఖర్చు రూపాయి లేదు. నేను ప్రతి శుక్రవారం మా గుంటల చేత ఇరవై నిమిషాలు బలం లేని కాలితోనే ఆడిస్తాను, మొదట ఏడుస్తారు, మూడు నెలల తర్వాత ఎటు నుంచైనా గోలు ముందుకి బంతి వేస్తారు.

మన దేశంలో కోచింగ్ మెట్లు ఇలాగ ఉంటాయి. అన్నిటికన్నా కింద ‘ఇ’ (E) సర్టిఫికెట్, దాని పైన డి లైసెన్స్, తర్వాత సి, బి, ఎ, అన్నిటికన్నా పైన ప్రో. కిందవి మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ వాళ్ళవి, సి నుంచి పైవి ఆసియా సమాఖ్య ఏఎఫ్‌సీ పేరు మీద ఉంటాయి. ఒకటి పూర్తయ్యాకే పైదానికి వెళ్ళాలి, మధ్యలో కొంత కాలం నిజంగా టీంని పట్టుకుని పని చెయ్యాలి. కోర్సు ఎప్పుడు ఎక్కడ అనేది ఏఐఎఫ్ఎఫ్ వెబ్‌సైటులోనూ రాష్ట్ర అసోసియేషన్ దగ్గరా పెడతారు, మన వైపు నుంచి అయితే భువనేశ్వర్ కటక్ వెళ్ళాలనుకునే డబ్బు దాచుకో, మహారాష్ట్రలో గడ్చిరోలి సిరొంచ వైపు మనోళ్ళైతే నాగపూర్ ముంబై వైపు చూసుకోవాలి. పటియాలాలో ఎన్ఐఎస్ అని జాతీయ క్రీడా శిక్షణ సంస్థ ఉంది, అక్కడ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ పెద్ద డిప్లొమా కూడా ఉన్నాయి, బడిలో పీఈటీ ఉద్యోగం చూసుకునేవోళ్ళకి అది పనికొస్తాది.

క్లాసులో ఇంగ్లీషూ హిందీ వింటావు, భయపడకు. నేను వెళ్ళినప్పుడు ఒక నోట్‌బుక్కులో ప్రతి మాటకీ పక్కన తెలుగులో మా గ్రౌండు మాట రాసుకున్నాను, ప్రెస్సింగ్ అంటే "మీద పడడం", కవర్ అంటే "వెనక కాయడం", స్విచ్ అంటే "అవతలికి మార్చడం". పరీక్షలో ప్రాక్టికల్ ఉంటాది, గుంటల్ని పెట్టి సెషన్ చేయించమంటారు, అక్కడ భాష కన్నా నువ్వు ఎక్కడ నిలబడ్డావు, ఎప్పుడు ఆపేవు, ఏటి చూపించేవు అన్నదే చూస్తారు.

పడియాలో రోజువారీ పని

దీని గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కోచ్ బతుకంతా ఇక్కడే.

ముందు నేల. మన పడియాల్లో వారానికోసారి సంత, దసరాకి పందిళ్ళు, ఏటా ఒకటో రెండో మీటింగులు. పందిరి తీసేక వెదురు గుంతలూ మేకులూ మిగిలిపోతాయి. సంత మర్నాడు ప్రాక్టీసు మొదలెట్టే ముందు అందర్నీ ఒక వరసలో చెయ్యి దూరంలో నిలబెట్టి ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిపించు, మేకు, గాజు పెంకు, బ్లేడు ఏది దొరికితే అది ఒక డబ్బాలో వెయ్యమను. పది నిమిషాల పని. మేం మొదలెట్టిన ఏడాది ఆ డబ్బా మూడు సార్లు నిండింది. గోల్ పోస్టులు వెదురువైతే లోతుగా పాతాలి, కదిలించే ఇనప పోస్టులైతే వెనక బస్తాలు వేసి కట్టెయ్యాలి, గుంటలు దాన్ని పట్టుకుని వేలాడతారు, అది మీద పడితే ప్రాణం పోతాది, ఈ విషయంలో అస్సలు మొహమాటం వద్దు.

పెద్దాళ్ళ గోలు 7.32 మీటర్ల వెడల్పు, 2.44 ఎత్తు. పదేళ్ళ గుంటణ్ణి దాంట్లో నిలబెట్టి పైనుంచి గోల్స్ కొట్టడం ఆట కాదు. చిన్నోళ్ళకి అయిదుగురి ఆట, ఆ తర్వాత ఏడుగురు, పన్నెండు దాటుతుంటే తొమ్మిదిమంది, అలా పెంచుకుంటా పో. ఏడుగురి ఆటకి సుమారు 55 మీటర్ల పొడవు, 37 వెడల్పు చాలు, అంటే పెద్ద గ్రౌండులో రెండు మూడు ఆటలు ఒకేసారి నడుస్తాయి, ఎవడూ లైన్లో నిలబడి గోళ్ళు కొరుక్కోడు. బంతి కూడా అంతే, ఎనిమిది నుంచి పన్నెండు దాకా 4 నంబరు, పెద్దాళ్ళకి 5 నంబరు, 5 నంబరు బరువు 410 నుంచి 450 గ్రాములు ఉంటాది, వానలో తడిసిన పాత బంతి ఇంకా బరువెక్కి రాయిలాగ అయిపోతాది, దాంతో చిన్న గుంటల చేత హెడింగ్ చేయించకు. నేనైతే పదేళ్ళ లోపు వాళ్ళకి హెడింగ్ నేర్పనే నేర్పను.

బూట్ల గొడవ మన దగ్గర ఎప్పుడూ ఉంటాది. సగం మంది కాళ్ళకి ఏమీ లేకుండానే వస్తారు, అలాగే బాగా ఆడతారు కూడా. అయితే 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనోళ్ళు చాలామంది చెప్పుల్లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 ఓడిపోయేరు, దాని తర్వాతే బూట్లు తప్పనిసరి చేసేరు. కాబట్టి నేర్చుకునే వయసులోనే బూటు అలవాటు చెయ్యాలి, పెద్దయ్యాక వేస్తే కాలు బంతిని మర్చిపోతాది. మేం చేసింది ఏటంటే పొట్టైపోయిన బూట్లు పారెయ్యకుండా క్లబ్బు అలమారాలో సైజు రాసి పెట్టడం, పెద్దోడిది చిన్నోడికి, ఇప్పుడు ముప్పై జతల దాకా తిరుగుతన్నాయి. కొత్త బూటు మొదటి రోజే మ్యాచ్‌కి వేసుకోనివ్వకు, బొబ్బలెక్కి నాలుగు రోజులు పోతాయి.

వార్మప్‌కి ఫిఫా 11+ అని ఒక పద్ధతి ఉంది, పధ్నాలుగేళ్ళు దాటినోళ్ళకి, ఇరవై నిమిషాలు, పరుగు, బలం, ఒంటికాలి బ్యాలెన్సు, దూకి నేల మీద పడడం, ఇవన్నీ ఉంటాయి, సామాను అక్కర్లేదు. వారానికి రెండు సార్లైనా వదలకుండా చేయిస్తే మోకాలు మడమ దెబ్బలు తగ్గుతాయి. నా మోకాలికి ఇది ఎవరూ చెయ్యనివ్వలేదు, మా రోజుల్లో రెండు రౌండ్లు పరిగెట్టి నాలుగు సార్లు వంగితే అదే వార్మప్, అందుకే దీని మీద నాకు పట్టుదల ఎక్కువ.

ఎండాకాలం సాయంత్రం నాలుగున్నర ముందు మొదలెట్టకు. ప్రతి పావుగంటకీ నీళ్ళు. తిండి గురించి తల్లులతో మాట్లాడాలి, కడుపునిండా పఖాళ్ (చద్దన్నం) తినేసి నేరుగా గ్రౌండుకి వస్తే గుంటడు వాంతి చేసుకుంటాడు, రెండు గంటల ముందు తినమను, అదే ఆట అయ్యాక చోడంబలి (రాగి అంబలి) ఇస్తే అంత మంచిది ఇంకోటి లేదు. ప్యాకెట్టు పౌడర్లు కొనమని ఎవడైనా వస్తే పంపించెయ్.

భాష సంగతి మర్చిపోకూడదు. మా టీంలో తెలుగోళ్ళు, ఒడియావాళ్ళు, సవర గుంటలు, ఇద్దరు కొండోళ్ళు. మొదట్లో ఎవడికి వాడు వాడి భాషలో అరిచీవోడు, గోలీ (గోల్‌కీపర్) "వదిలెయ్" అంటే బ్యాక్‌కి అర్థమయ్యీది కాదు, ఇద్దరూ గుద్దుకునీవోళ్ళు. అందుకని ఆరు కేకలు ఖాయం చేసేం, "దే" అంటే పాస్ ఇయ్యి, "ఛాడ్" అంటే వదిలెయ్, "మ్యాన్" అంటే వెనక మనిషున్నాడు, "టైం" అంటే తొందర లేదు, "టర్న్" అంటే తిరుగు, "బయటికి". ఏ భాష నుంచి వచ్చిందన్నది కాదు, పొట్టిగా ఉండాలి, అందరికీ ఒకటే ఉండాలి. సవర గుంటలు నెమ్మదిగా మాట్లాడతారు, కేక వెయ్యరు, వాళ్ళకి సిగ్గు పోయేదాకా వాళ్ళనే గోలీ, సెంటర్ బ్యాక్ ఆడించేను, అక్కడ నోరు తెరవక తప్పదు.

దెబ్బ తగిలితే

మడమ మెలిక పడితే వెంటనే వేడి కాపడం పెట్టేసి, పసుపూ సున్నం పట్టీ వేసి నలిపేస్తారు మనోళ్ళు. మొదటి రెండు రోజులు నలపకూడదు, వేడి పెట్టకూడదు. ఐసు గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు, తర్వాత కట్టు, కాలు ఎత్తి పెట్టడం. ఐసు ఎక్కడిదంటే చేపల కొట్టు. మ్యాచ్ రోజు పొద్దున్నే చెప్పి థర్మోకోల్ పెట్టె నింపించుకో. కాలు మోపలేకపోతే ఎక్స్‌రే, నాటు వైద్యుడి కట్టు కాదు.

తలకి తగిలి కళ్ళు తిరిగినా, ఒకే మాట పదే పదే అడిగినా, వాంతి అయినా ఆ మ్యాచ్ వాడికి అయిపోయింది, వాడు ఎంత బతిమాలినా సరే. 1962 ఏషియన్ గేమ్స్ ఫైనల్లో తలకి కుట్లతోనే డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం సాబ్ ముందుకి, సెంటర్ ఫార్వర్డుగా ఆడించేరు, ఆయన గోలూ కొట్టేడు, పీకే బెనర్జీ ఇంకోటి, దక్షిణ కొరియా మీద 2-1 గెలిచేం. డిఫెండర్ని ఫార్వర్డ్ చేసిన ఆ తెలివికి దండం పెట్టాలి, తల దెబ్బ మీద ఆడించడం మాత్రం ఈ రోజు ఏ కోచూ చెయ్యకూడదు, అప్పటికి దాని గురించి ఇంత తెలీదు. ఎవడైనా ఎవరూ తగలకుండానే కుప్పకూలిపోయి ఊపిరి సరిగ్గా లేకపోతే 108కి ఒకడు ఫోను, నువ్వు రొమ్ము మధ్యలో నొక్కడం మొదలెట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతు, అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా. ఇది చదివితే రాదు, ఆస్పత్రిలో నర్సుని అడిగి చేతులతో నేర్చుకో.

టీం రాయడం

మేనేజర్ పనిలో కష్టమైనది ఎత్తుగడలు కాదు, "నువ్వు లేవు" అని చెప్పడం. నేను కోచ్ అయిన రెండో ఏడు, చిన్నప్పట్నించీ నా పక్కన ఆడిన దోస్తుని తీసేసేను. చెప్పడానికి నోరు రాక, కాగితం మీద రాసి క్లబ్బు గోడకి అంటించి ఇంటికెళ్ళిపోయేను. వాడు పదిమందిలో ఆ కాగితం చదువుకున్నాడు. రెండేళ్ళు మా ఇంటికి రాలేదు. వాణ్ణి తియ్యడం తప్పు కాదు, అలా తియ్యడం నా తప్పు. అప్పట్నించి ముందు రోజు సాయంత్రమే మనిషిని పక్కకి తీసుకెళ్ళి, మొహం చూసి, కారణం ఒకటి చెప్తాను, మళ్ళీ రావాలంటే ఏటి చెయ్యాలో ఒకటి చెప్తాను. అల్లుడైనా మేనల్లుడైనా అదే. రాత్రి తాగొచ్చినోడు మర్నాడు ఆడడు, ఫైనలైనా సరే, ఒక్కసారి సడలించేవంటే ఇంక ఆ రూలు లేనట్టే.

హాఫ్ టైంలో రెండే మాటలు చెప్పు. పది చెప్తే ఒకటీ బుర్రకెక్కదు. మొదటి రెండు నిమిషాలు నీళ్ళు తాగనియ్, నువ్వు నోరు తెరవకు.

వయసు కాగితాలు నిజమైనవే పట్టుకెళ్ళు. 1960 నుంచి జరుగుతన్న సుబ్రతో కప్ లాంటి బడి టోర్నమెంట్లు మన గుంటలకి పెద్ద తలుపు, అక్కడికి పదిహేనేళ్ళ టీంలో పద్ధెనిమిదేళ్ళోణ్ణి దింపితే ఈ కప్పు రావచ్చు, పైకెళ్ళాక మణికట్టు ఎముకల పరీక్షలో దొరికిపోతాడు, వాడి బతుకూ పోతాది, వాడి వల్ల కూర్చుండిపోయిన నిజమైన పదిహేనేళ్ళోడి ఏడాదీ పోతాది. ఒక టోర్నమెంటులో మమ్మల్ని అలాగే ఓడించేరు, గుంటలు ఏడుస్తుంటే మనమూ అదే చేద్దాం అన్నారు పెద్దలు, నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

అమ్మాయిల టీం పెట్టాలనుకుంటే తప్పకుండా పెట్టు. 2022లో అండర్ 17 అమ్మాయిల వరల్డ్ కప్ మన ఇండియాలోనే జరిగింది, ఇండియా మూడు మ్యాచ్‌లూ భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఆడింది, అమెరికా చేతిలో 8-0, మొరాకోతో 3-0, బ్రెజిల్‌తో 5-0 ఓడిపోయేరు. స్కోరు చూసి నవ్వినోళ్ళున్నారు, నాకు మాత్రం చిన్నప్పట్నించి ఆడించకపోతే ఇలాగే ఉంటాదని అనిపించి ఆ ఏడాదే పదకొండు మంది అమ్మాయిలతో మొదలెట్టేను. వాళ్ళతో ఎప్పుడూ ఒక ఆడ మనిషి ఉండాలి, చీకటి పడకముందు ఇళ్ళకి చేరాలి, బట్టలు మార్చుకోడానికి తలుపున్న గది ఉండాలి. అబ్బాయైనా అమ్మాయైనా కోచ్ ఒక్కడూ ఒక పిల్లతో గదిలో ఉండకూడదు, విడిగా రాత్రుళ్ళు మెసేజులు పెట్టకూడదు. ఏదైనా చెడు జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పడం 2012 పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) ప్రకారం తప్పనిసరి, క్లబ్బు పరువు పోతాదని దాచడానికి లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పెద్దగా రాసి పెట్టు.

క్లబ్బుని కాగితం మీద పెట్టడం

కప్పులు గెలవడానికి కాగితాలెందుకు అనుకునీవోణ్ణి. ఒకసారి ప్రైజు డబ్బు మా పాత కెప్టెన్ సొంత అకౌంటులో పడింది, ఆయన ఇంట్లో పెళ్ళి ఖర్చులో కలిసిపోయింది, ఆయన దొంగ కాదు, డబ్బుకి గోడ లేదు అంతే. ఆ గొడవలో టీం రెండు ముక్కలైంది. అప్పుడు రిజిస్టర్ చేయించేం.

1860 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. క్లబ్బు పేరు, అడ్రసు, ఎందుకు పెడతన్నాం అన్నది, కమిటీ ఎవరు, రూల్స్ ఏటి, ఇవి రాసి సంతకాలతో ఇవ్వాలి. మన దగ్గర జిల్లా కేంద్రంలో పని అవుతాది, దరఖాస్తు నమూనా అక్కడే అడుగు, మధ్యవర్తికి డబ్బులివ్వకు. మహారాష్ట్ర వైపు వాళ్ళకి దీనితో పాటు 1950 పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద చారిటీ కమిషనర్ ఆఫీసులో కూడా నమోదు ఉంటాది. ఏడుగురిలో అందరూ ప్లేయర్లే ఉండకుండా చూసుకో, ఒక బడి మాస్టారు, ఒక కొట్టు నడిపే మనిషి, ఒక తల్లి, సవరపల్లె నుంచి ఒకరు, ఒడియా రాత బాగా వచ్చినోళ్ళు ఒకరు. రూల్స్‌లో కమిటీ ఎన్నేళ్ళకి మారాలో మొదటే రాసెయ్, తర్వాత రాద్దాం అంటే ఎవరూ రాయనివ్వరు.

తర్వాత క్లబ్బు పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు అకౌంటు, ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు తీసేలాగ. నాలుగు పుస్తకాలు పెట్టు, నగదు పుస్తకం, మీటింగు పుస్తకం, సభ్యుల పుస్తకం, సామాను పుస్తకం. బంతి కొన్న రసీదు దగ్గర్నించి ఆటో కిరాయి దాకా ఆ రోజు రాత్రే రాసెయ్యాలి. నెలకోసారి ఆ నగదు పేజీ ఫోటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెడతాం, పెట్టడం మొదలెట్టేక చందా అడక్కుండానే వస్తంది. జిల్లా అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే అక్కడి నుంచి రాష్ట్ర అసోసియేషన్ లీగులకి దారి ఉంటాది, ప్లేయర్లని ఏఐఎఫ్ఎఫ్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ సిస్టంలో ఎక్కించాలి, లేకపోతే రేపు మంచి కుర్రాడు పెద్ద క్లబ్బుకి వెళ్తే నువ్వు నేర్పినట్టు ఎక్కడా గుర్తు ఉండదు.

గ్రౌండు బడిదైతే హెడ్మాస్టర్ దగ్గర ఏ రోజు ఏ టైమో రాసిన ఉత్తరం మీద సంతకం తీసుకో, నోటి మాట మీద ఆడితే హెడ్మాస్టర్ బదిలీ అయిన రోజు నీ గ్రౌండు కూడా బదిలీ అయిపోతాది. డబ్బుల కోసం సొంత పేరు మీద అప్పు చెయ్యకు, నీ భార్య బంగారం తాకట్టు పెట్టి టీంని పంపకు. నేను ఒకసారి పెట్టేను, ఆవిడ ఏమీ అనలేదు, ఆ మౌనం ఇంకా గుర్తుంది.

విజిలు ఇచ్చేసిన రోజు

డాల్గ్లిష్ దగ్గరికి మళ్ళీ వస్తాను. 1989లో ఇంగ్లండ్ స్టేడియం హిల్స్‌బరో తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు పోయేరు, మేనేజర్‌గా ఆయన ఆ కుటుంబాల చుట్టూ తిరిగేడు, అంత్యక్రియలకి వెళ్ళేడు, ఒకే రోజు నాలుగు కూడా. 1991 ఫిబ్రవరిలో లీగ్‌లో టాప్‌లో ఉండగానే, ఒత్తిడి తట్టుకోలేక దిగిపోయేడు. మళ్ళీ కోలుకుని కింది డివిజన్‌లో ఉన్న బ్లాక్‌బర్న్‌కి వెళ్ళి 1995లో దాన్ని ప్రీమియర్ లీగ్ చాంపియన్ చేసి, ఆ వెంటనే డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్ కుర్చీలోకి (టీం రాయకుండా పైనుంచి చూసుకునే పదవి) మారేడు, టీం తన అసిస్టెంట్ రే హార్ఫర్డ్‌కి ఇచ్చేడు. ఆ కుర్చీలో ఏడాది దాటి ఎక్కువ రోజులు లేడు. తర్వాత సెల్టిక్‌లో అదే తరహా పోస్టులో ఉండగా 2000లో మధ్యలో మేనేజర్‌ని తీసెయ్యడంతో తనే మళ్ళీ దిగాల్సొచ్చింది. 2013 నుంచి లివర్‌పూల్ బోర్డులో డైరెక్టర్, 2017లో వాళ్ళ గ్రౌండు ఆన్‌ఫీల్డ్‌లో ఒక స్టాండుకి ఆయన పేరు పెట్టేరు. అంతటి మనిషికి కూడా గ్రౌండు పక్క నుంచి కుర్చీకి మారడం ఒక్కసారిలో కుదరలేదు అంటే మనకి కష్టం అవడంలో వింతేముంది. ఒత్తిడి సంగతి కూడా అందుకే చెప్పేను, నిద్ర పట్టకపోతే, ఇంట్లో ఊరికే కసురుకుంటుంటే ఒక సీజన్ ఆగిపో, క్లబ్బు చచ్చిపోదు.

నడిపే మనిషి పని ఏటి? కోచ్‌ని ఎంచడం, అతనికి నెల నెలా ఇచ్చేది టైంకి ఇవ్వడం, గ్రౌండు, డబ్బు, కాగితం, తల్లిదండ్రులు, ఈ నాలుగూ అతని నెత్తిన పడకుండా చూడడం. టీం రాయడం నీ పని కాదు. మ్యాచ్ గురించి మాట్లాడాలంటే నెలకోసారి కూర్చుని మాట్లాడు, ఓడిన రాత్రి ఫోను చెయ్యకు. ఒడిశా ఎఫ్‌సీ 2023లో సూపర్ కప్ కొట్టింది చూడు, తాత్కాలికంగా పెట్టిన కోచ్ క్లిఫర్డ్ మిరాండాతో, ఆయనా మన ఇండియాకి ఆడిన ప్లేయరే, కోజికోడ్ ఫైనల్లో బెంగళూరు మీద 2-1. మనోడికి పని ఇస్తే చేస్తాడు, ఇచ్చి పక్కకి జరగాలి.

నేను పక్కకి జరగడానికి టైం పట్టింది. అండర్ 15 టీంని నా దగ్గరే నేర్చుకున్న కుర్రాడికి ఇచ్చేను, డి లైసెన్స్ చేసొచ్చేడు. మొదటి మ్యాచ్‌కి గోలు వెనక కూర్చున్నాను, నోరు మూసుకుంటానని ఇంట్లో చెప్పి మరీ వచ్చేను, అయినా రెండు సార్లు అరిచేను. హాఫ్ టైంలో వాడు నెమ్మదిగా వచ్చి "అన్నా, ఏమీ అనుకోకండి, మీరు అక్కడుంటే గుంటలు బంతి చూడట్లేదు, మిమ్మల్నే చూస్తన్నారు" అన్నాడు. కోపం రాలేదు అంటే అబద్ధం, వచ్చింది. లేచి రోడ్డవతల టీ కొట్టు బెంచీ మీదకి వెళ్ళేను, అక్కడి నుంచి సగం గ్రౌండే కనిపిస్తాది. ఆ మ్యాచ్ ఎవరు గెలిచేరో వాడే వచ్చి చెప్పేదాకా తెలీలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ బెంచీ మీదే కూర్చుని వారం ఖర్చులు నగదు పుస్తకంలోకి ఎక్కిస్తాను, బంతుల సంచీ తాళం మాత్రం వాడి దగ్గరే ఉంటాది.